ఏ వేరు మేడమ్

మా అత్తయ్య ముందు మొక్కకు సంబంధించిన మాటను మొక్కకు కాకుండా మరొకదానికి వాడితే, ఆ పూటకు ఇక పని సాగదు. వేరు, కొమ్మ, ఆకు, మొగ్గ, గింజ, ఏదైనా సరే. వాడినవాడు ఎంతటివాడైనా సరే. అతన్ని అక్కడికక్కడ నిలబెట్టి, ఏ అర్థంలో అన్నాడో చెప్పించి, ఆ మాట అసలు ఎవరిదో గుర్తుచేసి గానీ వదిలిపెట్టదు.

ఒకసారి బ్యాంకులో గుమాస్తా, మీ ఖాతా మరో శాఖలో ఉందండీ అన్నాడు. శాఖ అంటే కొమ్మ కదా నాయనా, ఇది కొమ్మ అయితే మాను ఎక్కడుంది అని అత్తయ్య అడిగింది. అమాయకుడు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోందనుకుని ప్రధాన కార్యాలయం చిరునామా రాసిచ్చాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పక్క కిటికీకి మారిపోయారు. పళ్ల డాక్టరు రూట్ కెనాల్ చెయ్యాలన్నప్పుడు ఆమె నోటినిండా దూది ఉంది. అందుకని మాట్లాడలేక, బళ్లో పిల్లలాగా చెయ్యెత్తి, ఆ చేతిని పని పూర్తయ్యేదాకా దించలేదట. నొప్పేమోనని డాక్టరు మూడోసారి మత్తుమందు ఇవ్వబోయాడు.

ఆమె మా నాన్నకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మా పక్క వాటాలోనే ఉండేది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. నేను అదే కాలేజీలో కంప్యూటర్లు చెప్పేవాణ్ణి. ఇంట్లో నన్ను "ఒరేయ్" అనేది, కాలేజీ గేటు దాటగానే "సార్" అనేది. ఆ సార్‌లో ఉన్నంత వెక్కిరింత ఒరేయ్‌లో ఏనాడూ వినిపించలేదు. విద్యార్థులు ఆమెకు పెట్టిన పేరు 'ఏ వేరు' మేడమ్. ఆ పేరు ఆమెకు తెలుసు. ప్రశ్న సరైనదేగా, పేరు పెట్టుకుంటే తప్పేమిటి అనేది.

ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఒక చరిత్ర ఉంది. నా పెళ్లయిన కొత్తలో, ఇల్లు ఇరుకైందని, నేనూ మా ఆవిడా వేరు పడదామనుకున్నాం. ఆ మాట అమ్మతో చెప్పడానికి ఎన్నాళ్లో నీళ్లు నమిలి, చివరికి భోజనాల దగ్గర బయటపెట్టాను. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అప్పుడు అత్తయ్య కంచంలోంచి తలెత్తకుండా, "తల్లి వేరా, గుబురు వేరా?" అని అడిగింది. అమ్మ కళ్లలో నీళ్లతోనే నవ్వేసింది. మేం అదే వీధిలో రెండిళ్ల అవతల ఇల్లు తీసుకుని, ఏడాది తిరక్కుండా మళ్లీ అమ్మ దగ్గరికే వచ్చేశాం.

కాలేజీలో మా రెండు గదులూ ఎదురెదురుగా ఉండేవి. వాళ్ల గదినిండా అట్టలకు అతికించిన ఎండు మొక్కలు, గాజు జాడీల్లో తేలుతున్న వేళ్లూ కాయలూ, కలరా ఉండల వాసన. నా గదిలో చల్లటి గాలి, మూసిన తెరలు, బోర్డు మీద ఎప్పుడూ ఫైళ్ల అమరికను చూపే ఒక చెట్టు బొమ్మ. మా చెట్టుకు వేరు పైన ఉంటుంది, కొమ్మలు కిందికి దిగుతాయి, ఆకులు అట్టడుగున ఉంటాయి. అత్తయ్య అటు వెళ్తూ తలుపు దగ్గర ఆగి, బోర్డు చూసి, "ఇంకా తలకిందులుగానే ఉందా, పాపం" అని నిట్టూర్చి వెళ్లిపోయేది. రోగిని చూసి వెళ్తున్న మనిషిలా ఉండేది వాలకం. నా విద్యార్థులు ఆ ఘడియ కోసం కాచుకుని ఉండేవాళ్లు. ఒకసారి ఒకతను మౌస్ సంగతేమిటని ఆమెను ఉడికించబోయాడు. అది జంతుశాస్త్రం వాళ్లది, వాళ్లు చూసుకుంటారు, నేను ఇతరుల విషయాల్లో తలదూర్చను అంది.

అత్తయ్య గదిలో ఆమెకు సహాయకుడిగా ఒకాయన ఉండేవారు. జాడీల మాస్టారు అనేవాళ్లం. యాభై దాటిన మనిషి. ప్రయోగాలకు మొక్కలు తేవడం, వాటిని కోసి పలకల మీద అమర్చడం, జాడీల్లో నీరు మార్చడం ఆయన పని. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. జాడీ మూత తీసేటప్పుడు కూడా లోపలున్నదాన్ని నిద్రలేపుతానేమో అన్నట్టు తీసేవారు.

వృక్షశాస్త్రంలో చేరేవాళ్లు ఏటికేడు తగ్గిపోయారు. ఆ ఏడు ప్రిన్సిపాల్ అందరినీ పిలిచి, వచ్చే సంవత్సరం నుంచి ఆ శాఖ ఉండదని చెప్పారు. ఆయన శాఖ అనగానే అందరం అత్తయ్య వైపు చూశాం. ఆమె ఏమీ అనలేదు. అది చూసి నాకు మొదటిసారి భయం వేసింది.

ఆమెకు ఇబ్బంది లేదు. పదవీ విరమణ దగ్గరపడింది, అప్పటిదాకా పర్యావరణ పాఠాలు చెప్పుకోమన్నారు. ఇబ్బందంతా జాడీల మాస్టారికే. మూడు నెలల కంప్యూటరు శిక్షణ పూర్తిచేసి, చివర్లో బయటి పరీక్షకుడి దగ్గర నెగ్గితే మా లాబ్‌లో సహాయకుడి ఉద్యోగం ఇస్తామన్నారు. నెగ్గకపోతే యాజమాన్యం చెయ్యగలిగిందేమీ లేదన్నారు. ఆయన ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. భార్యకు గుండెజబ్బు, పెద్దమ్మాయి పురిటికి వచ్చి ఉంది. రోజూ ఎప్పటిలాగే భోజనం పెట్టె పట్టుకుని వచ్చేవారు. సాయంత్రం ఆలస్యమెందుకని ఇంట్లో అడిగితే, కొత్త జాడీలు వచ్చాయని చెప్పేవారట.

ఆ శిక్షణ తరగతి చెప్పే బాధ్యత నాకు పడింది. సాయంత్రం నాలుగింటికి నా గదిలోనే. కార్యాలయం గుమాస్తాలు, కొత్తగా చేరిన లెక్చరర్లు, అందరూ కుర్రవాళ్లే. మొదటిరోజు ఫోల్డర్లు ఎలా అమరి ఉంటాయో చెబుతూ, ఎవరైనా వచ్చి బోర్డు మీద ఒక చెట్టు గీసి వేరు గుర్తించండి అన్నాను. ఎవరూ లేవలేదు. చెట్టు అన్న మాట విని జాడీల మాస్టారు ఒక్కరే ధైర్యం చేసి వచ్చారు. సుద్దముక్క తీసుకుని, నేలగీత గీసి, దానిపైన మాను, కొమ్మలు, ఆకుల్లో ఈనెలు, గీత కింద వేరు, వేరుకు పిల్లవేళ్లు, వాటికి సన్నటి నూగు, అన్నీ వేశారు. నేను చూసిన చెట్టు బొమ్మల్లో అంత అందమైనది మరొకటి లేదు. వేశాక, నేలగీత కింద బాణం గుర్తుపెట్టి 'వేరు' అని రాశారు.

గది గొల్లుమంది. ఎవరో చెట్టు తిరగెయ్యండి మాస్టారూ అన్నారు. మరెవరో నీళ్లు పొయ్యడం మర్చిపోయారన్నారు. ఆయనకు నవ్వెందుకో అర్థం కాలేదు. తాను తప్పు చేశానని మాత్రం అర్థమైంది. బొమ్మను తన చేత్తోనే తుడిచేసి, సుద్దపొడి చేతులు చొక్కాకు అంటకుండా దూరంగా పెట్టుకుని, వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. నేను కసిరితే నవ్వు ఆగింది గానీ, ఆయన ఆ సాయంత్రం మళ్లీ తల ఎత్తలేదు.

మర్నాడు నాలుగింటికి నేను గదిలోకి వచ్చేసరికి మొదటి బెంచీ మధ్యలో మా అత్తయ్య కూర్చుని ఉంది. కొత్త పలక కొనుక్కున్న పిల్లలా చేతులు కట్టుకుని ఉంది.

"మీరెందుకు మేడమ్?" అన్నాను.

"నేర్చుకోకూడదా సార్?" అంది.

అక్కడితో నా కష్టాలు మొదలయ్యాయి. రూట్ ఫోల్డర్ అన్నాను. చెయ్యి లేచింది. వేరు పైన పెట్టారు, మీ చెట్టుకు నీళ్లు ఎవరు పోస్తారు, మేడెక్కి పొయ్యాలా అని అడిగింది. గది గొల్లుమంది. నేను పళ్లు బిగించి, ఇక్కడ వేరు అంటే నీళ్లు పీల్చేది కాదు, అన్నింటికీ మొదలు, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి, దానికి పైన ఇంకేమీ ఉండదు అని వివరించాను. మరైతే మొదలు అనండి, వేరెందుకన్నారు అంది. మళ్లీ మరో విధంగా చెప్పాను. ఇంకా తెలియలేదంది. మూడోసారి బొమ్మ గీసి చెప్పాను.

ఆకు దగ్గర ఇంకా పెద్ద గొడవ అయింది. మాకు చిట్టచివర ఉండేది, తనకింద మరేమీ లేనిది ఆకు. ఆకు చిట్టచివరిదా అని ఆమె లేచి నిలబడింది. చెట్టు మొత్తానికి వండిపెట్టేది ఆకు సార్, ఇంట్లో వంట చేసే మనిషిని పట్టుకుని ఈవిడకింద ఎవరూ లేరండీ అని పరిచయం చేస్తారా అంది. ఆ రోజు కుర్రవాళ్లు కన్నీళ్లొచ్చేలా నవ్వారు. మర్నాటికి కాలేజీ అంతా పాకింది. 'ఏ వేరు' మేడమ్‌కి మతిపోయిందని కొందరు, శాఖ పోయిన దిగులుతో అలా అయిందని కొందరు అన్నారు. దారిలో ఎదురైతే, మేడమ్ ఇవాళ నీళ్లు పోశారా అని అడిగేవాళ్లు కూడా తయారయ్యారు. ఆమె అందరికీ ఓపికగా, ఇంకా నిచ్చెన దొరకలేదు నాయనా అని జవాబు చెప్పేది.

నాకు తల కొట్టేసినట్టుండేది. ఒక రోజు చెప్పాల్సిన పాఠం మూడు రోజులు పడుతోంది. ఇంట్లో మా ఆవిడ దగ్గర మొత్తుకున్నాను. ఆవిడ అంతా విని, అత్తయ్యగారికి అర్థం కాకపోవడం నాకు నమ్మశక్యంగా లేదండీ, మన ఇంట్లో కరెంటు మీటరు ఎందుకు ఎక్కువ తిరుగుతోందో కనిపెట్టింది ఆవిడేగా అంది. నేను ఆ మాట పట్టించుకోలేదు.

రెండు వారాలు గడిచాక ప్రిన్సిపాల్ తరగతి చూడ్డానికి వచ్చారు. జాడీల మాస్టారు ఒక్కొక్క అక్షరాన్నీ కీబోర్డు మీద వెతుక్కుంటున్నారు. ప్రిన్సిపాల్ ఆయన వెనక కాసేపు నిలబడి, నాకు వినపడేలా, అంటే ఆయనకూ వినపడేలా, మొక్కై వంగనిది మానై వంగునా అని పెదవి విరిచారు. మాస్టారి చెయ్యి అక్షరం మీద ఆగిపోయింది.

అత్తయ్య ఊరుకోలేదు. అందులోనూ అది మొక్క సామెత.

"వంగుతుందండీ. వెలుతురు ఎటుంటే అటు ఎంత మానైనా వంగుతుంది. ఆ తెర కాస్త పక్కకి లాగండి, ఆయనకి అక్షరాలు కనబడటం లేదు."

నిజంగానే అక్కడ చీకటిగా ఉంది. ప్రిన్సిపాల్ తనే వెళ్లి తెర లాగారు.

ఆ తర్వాత కొద్దిరోజులకు, మధ్యాహ్నం భోజనాల వేళ, సుద్దముక్కలు అయిపోయి ఎదురు గదికి వెళ్లాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల బల్ల ముందు జాడీల మాస్టారు, అత్తయ్య నిలబడి ఉన్నారు. మాస్టారి చేతిలో కుండీలోంచి పీకిన చిక్కుడు మొలక ఉంది. దాన్ని వేరు పట్టుకుని తలకిందులుగా వేలాడదీశారు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ఇప్పుడిది వాళ్ల చెట్టు" అంటోంది అత్తయ్య. "పట్టుకున్నచోట వేరు. అక్కణ్ణుంచి కిందికి రండి. ఈ ముడి ఏమిటి?"

"కణుపు మేడమ్."

"దాన్నే వాళ్లు నోడ్ అంటారు. మనకి కణుపు దగ్గర కొమ్మో ఆకో పుడుతుంది. వాళ్లకీ అంతే. కింద ఇంకేమీ పుట్టకపోతే దానికి ఆకని పేరు."

మాస్టారు మొలకను కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "మరి మీకిదంతా తెలిసే, మొన్న సార్‌తో అంతసేపు ఎందుకు పోట్లాడారు మేడమ్?"

"మీకు తెలియలేదని మీ మొహం చూస్తే తెలిసింది. వాడేమో పరుగెత్తుకుపోతున్నాడు. పోట్లాట పెట్టుకుంటే గానీ ఆగే రకం కాదు. చిన్నప్పటినుంచీ అంతే."

మాస్టారు నసిగారు. ఒకే ఫైలు రెండు ఫోల్డర్లలో ఉండొచ్చా అని తనకో అనుమానం ఉందనీ, అడిగితే మళ్లీ నవ్వుతారేమోననీ అన్నారు. నవ్వనీయండి, నేనడుగుతాను అంది అత్తయ్య. అని వెంటనే, మీ కోసమని అనుకోకండి, వాళ్లు మన మాటలు ఎత్తుకెళ్లారు, అడగాల్సిన బాధ్యత నాకుంది అని చేర్చింది.

నేను సుద్దముక్కలు లేకుండానే వెనక్కి వచ్చేశాను.

ఆ సాయంత్రం చెయ్యి లేవనే లేచింది. ఒకే ఆకు రెండు కొమ్మలకు పుడుతుందా సార్, మీ చెట్టుకి సిగ్గు లేదు కాబట్టి పుడుతుందేమో అనుకున్నాను అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, విసుక్కోలేదు. పుట్టదు మేడమ్, కావాలంటే నకలు తీసుకోవచ్చు, లేకపోతే అసలుది ఎక్కడుందో చూపించే గుర్తు ఒకటి పెట్టుకోవచ్చు అని, రెండూ చేసి చూపించాను. మంచి ప్రశ్న అని కూడా అన్నాను. అత్తయ్య అనుమానంగా నా వైపు చూసింది. వెనక బెంచీలో జాడీల మాస్టారు ఆ రెండు పనులూ నాకంటే ముందే చేసేసి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అందరూ అత్తయ్యను చూసి నవ్వుతున్నారు. ఆయన వైపు చూసి నవ్వడానికి ఎవరికీ తీరికే లేదు.

పరీక్షరోజు వచ్చింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు సన్నగా, ఓపికస్తుడిలా ఉన్నాడు. ఒక్కొక్కరినే పిలిచి అడుగుతున్నాడు. నేను మూల కుర్చీలో కూర్చున్నాను. జాడీల మాస్టారి వంతు వచ్చింది. పరీక్షకుడు రూట్ ఎక్కడుంటుందండీ అని అడిగాడు.

"మా చెట్టుకి కింద సార్. మీ చెట్టుకి పైన" అన్నారు మాస్టారు. "ఎక్కడున్నా, మొదలు మాత్రం అదే."

పరీక్షకుడు తల పంకించి, కొన్ని ఫోల్డర్లు అమర్చమన్నాడు. ఆయన నెమ్మదిగా, జాడీలు సర్దినట్టుగా సర్దారు. ఒక్కటీ తప్పు పోలేదు.

చివర్న అత్తయ్య వెళ్లింది. ఇక దాచాల్సిన అవసరం లేదు కాబట్టి, అన్నీ గడగడా చెప్పేసి వస్తుందని నేను నిశ్చింతగా ఉన్నాను. లీఫ్ అంటే ఏమిటి మేడమ్ అని పరీక్షకుడు అడిగాడు. ఎవరి లీఫ్ అంది. కంప్యూటరు లీఫ్ అన్నాడు. అది ఆకు కాదంది. పాపం ఆయన నవ్వి, మీ అభిప్రాయం అర్థమైంది, మా పరిభాషలో ఏమంటారో అది చెప్పండి చాలు అన్నాడు. తెలుసు గానీ చెప్పను అంది. ఆయన బతిమాలాడు. ఆమె మెత్తబడలేదు. చివరిదాన్ని చివరిది అనడానికి మీకేం అడ్డమొచ్చిందో ముందు చెప్పండి అంది. బల్లమీద ఆయన టీ చల్లారిపోయింది. నాకు అప్పుడు తెలిసింది, ఆ మూడు నెలల పోట్లాటలో నటన ఎంత ఉందో నిజమూ అంతే ఉందని.

ఫలితాలు వచ్చాయి. అత్తయ్య ఒక్కతే తప్పింది. కాలేజీ పండగ చేసుకుంది.

ఆ సాయంత్రం జాడీల మాస్టారు ఇంటికెళ్లి భార్యకు అంతా మొదటినుంచీ చెప్పారట. జాడీల సంగతి అబద్ధమని ఆవిడకు ముందే తెలుసట. యాభై దాటిన మనిషి మొదటిరోజే సుద్దపొడి చేతులతో ఇంటికొస్తే తెలియదా అందట. మర్నాడు ఆయన నా గదికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, కిటికీ దగ్గర నిలబడ్డారు.

"మేడమ్ నా వంతు నవ్వు కూడా తనే తీసేసుకున్నారు బాబూ" అన్నారు. "ఈ మాట ఆవిడతో అందామని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ కుండీల గురించి మాట్లాడి పంపించేశారు."

నేనూ ఇంట్లో ఒకసారి ప్రయత్నించాను. నాకంతా తెలుసు అత్తయ్యా అన్నాను. ఏం తెలుసురా నీకు, ఆకంటే ఏమిటో కూడా తెలియదు అంది. తప్పినందుకు బాధగా లేదా అని అడిగితే, తప్పినవాళ్లు మళ్లీ కూర్చోవచ్చని నియమం ఉందా లేదా అని ఎదురు అడిగింది. ఉందన్నాను. తర్వాతి బ్యాచ్‌లో ఎవరెవరున్నారంది. పేర్లు చెబుతూ, లైబ్రరీలో పుస్తకాలిచ్చే ఆవిడ కూడా ఉన్నారన్నాను. ఆవిడ చాలా బిడియస్తురాలు, నాలుగు మాటలడిగితే అర మాట చెబుతుంది. ఓహో అలాగా అని అత్తయ్య లేచి వెళ్లిపోయింది.

కొత్త తరగతి మొదటిరోజు లాబ్ తలుపు జాడీల మాస్టారే తెరిచారు. యంత్రాలన్నీ ఆయనే మెల్లగా, ఒక్కొక్కటే నిద్రలేపారు. లైబ్రరీ ఆవిడ వెనక బెంచీలో గోడకు ఆనుకుని, చున్నీ చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. మొదటి బెంచీ మధ్యలో ఎవరు కూర్చున్నారో చెప్పనక్కర్లేదు.

నేను పాఠం మొదలుపెట్టి, వెబ్ పేజీ అనే మాట అన్నానో లేదో, చెయ్యి లేచింది.

"సార్, పుస్తకం లేకుండా పేజీ ఎక్కడిది? ఈ సంగతి లైబ్రరీ వాళ్లని అడిగే పెట్టుకున్నారా?"

గది గొల్లుమంది. జాడీల మాస్టారు గబుక్కున గోడవైపు తిరిగి, అక్కడ లేని దుమ్ము తుడవసాగారు. వెనక బెంచీలో లైబ్రరీ ఆవిడ వేలికి చుట్టుకున్న చున్నీ వదిలి, మెల్లగా తలెత్తి, "అడగలేదండీ" అంది.